నూట పద్నాలుగో నంబరు సీసా

ఆ ల్యాబులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. జీతం కాగితం మీద ఉంటుందేమో ఆ పేరు. అందరికీ ఆమె చేతివాసమ్మ. ఇంతకుముందు ఒక టీకాల కంపెనీలో పదహారేళ్ళు కణాలు పెంచింది, ఇక్కడికొచ్చి ఏడేళ్ళు. ఒకే గొట్టంలోని కణాలు ఒకే రోజు ఇద్దరు పంచుకుని పెంచితే, అవతలివాళ్ళవి మూడోనాటికి చచ్చి పైకి తేలేవి. ఈమెవి మాత్రం ఫ్లాస్కు అడుగుని గట్టిగా పట్టుకుని నిండుగా పరుచుకునేవి. "ఆవిడ చేతివాసి అలాంటిది" అన్నారు మొదట్లో. తర్వాత అదే పేరైపోయింది. ఆమె కూడా కాదనలేదు. యాభై రెండేళ్ళొచ్చి, మోకాళ్ళ నొప్పులూ మణికట్టు వాపూ తప్ప పెద్దగా ఏమీ మిగలని ఉద్యోగంలో ఆ ఒక్క మాటా చెవికి ఇంపుగా ఉండేది.

అక్కడ మేక మాంసం పెంచుతారు. పెంచుతారనగానే జనం తొట్టిలో మొక్క పెంచినట్టు అనుకుంటారు. అంత సీను లేదు. ఒక మేక తొడలోంచి సూదితో చిటికెడు కండ తీశారు. ఆ మేక ఇప్పటికీ ఎక్కడో హాయిగా నెమరేస్తూనే ఉంది, తిప్పలన్నీ ఈ మనుషులవి. ఆ కండలోని కణాల్ని ఫ్లాస్కుల్లో వేసి, మేక ఒంట్లో ఉన్నంత వెచ్చగా ఇంక్యుబేటర్లో పెట్టి, మీడియం అనే గులాబీ రంగు నీళ్ళు పొయ్యాలి. రెండు రోజులకోసారి ఆ నీళ్ళు మార్చాలి. ఫ్లాస్కు నిండితే కొన్ని కణాల్ని తీసి కొత్త ఫ్లాస్కులో వెయ్యాలి. అలా ఒకసారి మారిస్తే ఒక పాసేజ్. ఆదివారమనీ, ఒంట్లో బాగాలేదనీ, ఇంటికి చుట్టాలొచ్చారనీ కణాలకు చెబితే వినవు. ఈ ఏడేళ్ళలో ఆమె వరసగా మూడు రోజులు ఇంటిపట్టున ఉన్నది లేదు.

"అమ్మాయ్, ఏడేళ్ళుగా పొయ్యి మీద పెట్టారు, ఇంకా ఉడకలేదా మీ మాంసం?" అనేది అత్తగారు, ఎనభై దాటినా నోరు మాత్రం ఏమీ తగ్గని మనిషి.

"ఉడకడం దాకా ఎక్కడత్తయ్యా, ముందు అది పుట్టాలి కదా" అనేది చేతివాసమ్మ, చెప్పులు విప్పి అరికాళ్ళు నొక్కుకుంటూ.

అబద్ధం కాదు. కణాలు పెరగడం వేరు, మాంసం కావడం వేరు. నెత్తురు నాళాలు లేని కండ గోరు మందం దాటితే నడిమధ్య కణాలకు ఊపిరాడదు, లోపల్లోపలే చచ్చిపోతాయి. పోనీ ఎక్కువ పండిద్దామని పెద్ద ట్యాంకులో వేసి తిప్పితే ఆ తిప్పుడికే చితికిపోతాయి. అన్నిటికంటే పెద్ద గొడవ సీరం. కణాలు బాగా పెరగాలంటే మీడియంలో పుట్టని దూడ నెత్తురులోంచి తీసిన సీరం కలపాలి. జీవాన్ని చంపకుండా మాంసం చేస్తామని బోర్డు పెట్టుకుని, లోపల దూడ నెత్తురు పోస్తూ కూర్చుంటే అంతకన్నా నగుబాటు ఉండదు. అందుకని కణాలకు సీరం మాన్పించే పని చేతివాసమ్మ మీద పడింది. చంటిపిల్లకు పాలు మాన్పించినట్టే, వారం వారం కాస్త కాస్త తగ్గిస్తూ రావాలి. తగ్గించినప్పుడల్లా మేక కణాలు మొహం వేలాడేసేవి. పద్దెనిమిదో పాసేజ్ వచ్చేసరికి సగానికి సగం రాలిపోయాయి. డాక్టరమ్మ ఇక ఆశ వదిలేసుకుంది.

డాక్టరమ్మంటే వైద్యం చేసే డాక్టరు కాదు, ఆ ల్యాబుకు పెద్ద. నలభై ఏళ్ళుంటాయి. టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే సాయంత్రం ఇంటికి పట్టుకుపోయే రకం. చేతివాసమ్మ రికార్డు పుస్తకంలో ప్రతి పేజీ కింద ఆమె పొడి అక్షరాలు ఉండాలి. చూసి సరిపోల్చాకే పెట్టాలని రూలు. "మీరు రాసింది నేను చూడాలా చేతివాసమ్మా?" అని నవ్వుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వారానికి సరిపడా పేజీల మీద ఒక్కసారే గీకేసి వెళ్ళిపోయేది.

అలాంటి సమయంలో పందొమ్మిదో పాసేజ్ దాటగానే అద్భుతం జరిగింది. ఇరవయ్యోదానిలో కణాలు తేరుకున్నాయి. ఇరవై ఒకటిలో పరుగందుకున్నాయి. అంతకుముందు రెట్టింపు కావడానికి ముప్పై గంటలు తీసుకునేవి, ఇప్పుడు పద్దెనిమిది గంటలకే ఫ్లాస్కు నిండిపోయేది. సీరం పూర్తిగా మానేసినా కిక్కురుమనలేదు. ల్యాబంతా కేకు కోసింది. డాక్టరమ్మ చేతివాసమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళి చేతివాసమ్మ కూడా తన చేతులకేసి కాసేపు చూసుకుంది. గ్లవుజుల్లో నాని ముడతలు పడ్డ చేతులు. వాటిని చూసి ఆమెకు నిజంగా గర్వమేసింది.

అది పది నెలల కిందటి మాట. ఇప్పుడు అరవై ఒకటో పాసేజ్ నడుస్తోంది. ఇంకో పన్నెండు రోజుల్లో రుచి చూసే కార్యక్రమం. కంపెనీ పెద్దలూ, ఆహార భద్రత శాఖవాళ్ళూ వస్తారు. కణాల్ని బోలెడన్ని పోగేసి, ముద్దలా అదిమి, వేయించి పెడతారు. నార కట్టలేదు కాబట్టి ముక్క కాదు, ముద్దే. అదొక్కటే వెలితి. కండ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పొడుగ్గా నారలు కట్టాలి, అప్పుడే పంటికి మాంసంలా తగులుతుంది. ఆ పని డాక్టరమ్మది. కణాలు పట్టుకుని సాగడానికి సన్నటి పోగులతో అల్లికలు తయారు చేసేది. పది నెలల్లో పదిహేడు రకాలు చేసింది. ఒక్కదాని మీదా కణాలు నార కట్టలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న చేతివాసమ్మ తలుపు తీసేసరికి ఇంక్యుబేటర్ మొహాన అంకె మామూలుగానే ఉంది. లోపల అదనంగా పెట్టిన చిన్న థర్మామీటరు మాత్రం నలభై ఒకటి చూపిస్తోంది. సెన్సారు చెడింది, ఎప్పటినుంచో తెలీదు. మేక కణాలకు అది కాలిపోయే జ్వరం. ఫ్లాస్కులు తీసి ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టింది.

కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మామూలు కంటే కూడా బాగున్నాయి.

"హమ్మయ్య" అనుకుంది. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగింది. రెండో గుక్క తాగబోతూ గ్లాసు కింద పెట్టేసింది. ఇంత వేడికి ఇంత హాయిగా ఉండేవి ఏమిటి? అదే గదిలో, ఆ ఎడమ గోడ దగ్గర, ఏడాది కిందట ఇంకో ఇంక్యుబేటర్ ఉండేది. కోడి ప్రాజెక్టుది. కోడి ఒంటి వేడి మేక కంటే ఎక్కువ కాబట్టి దాన్ని ఎక్కువ వెచ్చగా పెట్టేవాళ్ళు. అందులో కోడి చర్మం కింది కణాలు ఉండేవి. అవి మొండివి. సీరం లేకపోయినా పెరుగుతాయి, పాసేజ్ మీద పాసేజ్ మార్చినా అలసిపోవు. కోడి చేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, మనకు మేకే కావాలని పెద్దలు ఆ ప్రాజెక్టు మూసేశారు. మూసేసేదాకా రెండు రకాల కణాలకూ మీడియం మార్చింది ఈ చేతులే.

బీరువాలోంచి రెండు పాత రికార్డు పుస్తకాలు తీసింది. నిప్పులు కడిగే రకం ఆమె. వాడిన ప్రతి మీడియం సీసా నంబరూ, టైముతో సహా రాస్తుంది. కోడి కణాలకు వాడిన సీసాతో మేక కణాల జోలికి పోకూడదు. ఒక్క చుక్కలో ఒక్క కణం ఇటు పడినా, వేగంగా పెరిగేది నెమ్మదిగా పెరిగేదాన్ని నాలుగు వారాల్లో తుడిచిపెట్టేస్తుంది. చూడ్డానికి రెండూ సన్నగా కోలగా ఒకేలా ఉంటాయి, కంటికి తేడా దొరకదు. కొత్తవాళ్ళకు మొదటి రోజు చెప్పే పాఠమే అది. చెప్పేదీ ఈమే.

కోడి పుస్తకంలో, మేక కణాల పందొమ్మిదో పాసేజ్ రోజున: సీసా నంబరు నూట పద్నాలుగు, పది గంటల ఐదు నిమిషాలు. మేక పుస్తకంలో అదే రోజు: సీసా నంబరు నూట పద్నాలుగు, పది గంటల నలభై నిమిషాలు. రెండూ తన గుండ్రటి చేతిరాతే. రెండు పేజీల కిందా డాక్టరమ్మ పొడి అక్షరాలు.

ఆ వారం ఆమెకు గుర్తొచ్చింది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్తకు నడుం ఆపరేషనైన వారం. నాలుగు రాత్రులు ఆసుపత్రి కుర్చీలో కూర్చుని, పొద్దున్నే అటునుంచి అటే ల్యాబుకొచ్చేది. ఆ రోజు వెచ్చబెట్టిన సీసా ఒక్కటే ఉంది. ఇంకోటి వెచ్చబడాలంటే అరగంట ఆగాలి. ఆగితే డాక్టరు రౌండుకి రాకముందే ఆసుపత్రి చేరడం కుదరదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుందో, ఏమీ అనుకోకుండానే చేసిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఒళ్ళు తెలియని అలసట మాత్రం గుర్తుంది. పుస్తకాలు మూసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

సాయంత్రం వెళ్ళబోతుంటే డాక్టరమ్మ ఎదురొచ్చింది. "చేతివాసమ్మా, సోమవారం ఇవి ఏ జంతువు కణాలో తేల్చే టెస్టుకి ఒక ట్యూబు పంపాలి. ఇప్పటివి తియ్యడం, కడగడం అంతా శ్రమ. మీరు మొదట్లో గడ్డకట్టించి దాచారు చూడండి, ఎనిమిదో పాసేజ్, అందులోంచి ఒకటి పంపెయ్యండి చాలు. లైను ఒకటేగా, అదే కణాల వంశం!"

"అలాగే మేడం" అంది.

ఎనిమిదో పాసేజ్ ట్యూబు పంపితే మేక అని కాగితం వస్తుంది. ఎవరికీ ఏమీ తెలీదు. పన్నెండు రోజుల తర్వాత పెద్దలంతా కోడి ముద్ద తిని మేక బాగుందంటారు. అరవై ఒకటో పాసేజ్ది పంపితే పది నెలల పని బూడిదలో పోసినట్టవుతుంది, తన పేరూ దానితోపాటే పోతుంది. దారంతా ఆమె ఆ రెండు ట్యూబుల గురించే ఆలోచించింది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఈసురోమంటూ వెనక్కి నడిచింది.

ఆదివారం పొద్దున మీడియం మార్చి వచ్చాక, అన్నం దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. కడుపులో దాచుకునే ఓపిక కూడా లేదు.

భర్త కంచంలో చెయ్యి ఆపేశాడు. "అంటే నా నడుమే కదా కారణం."

"మీ నడుమొచ్చి నా చేత ఆ సీసా తీయించిందా? ఊరుకోండి!" అని కసిరింది. కసిరాక జాలేసి, ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

"పాతదే పంపెయ్యి" అన్నాడతను మెల్లగా. "ఆవిడే కదా పంపమంది. నువ్వేమీ అబద్ధం చెప్పడం లేదు."

"కోడైతే మాత్రం ఏమొచ్చె?" అంది అత్తగారు. "వేయించి కాస్త ఉప్పూకారం చల్లితే ఆ కోటువాళ్ళు వేళ్ళు నాక్కుంటారు. అయినా అమ్మాయ్, నాకు తెలీకడుగుతాను, ఏడేళ్ళు మేకని పెంచితే కోడి పుట్టడమేమిటే?"

భర్తకు నవ్వాగలేదు. నడుం పట్టుకుని మరీ నవ్వాడు. చేతివాసమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అత్తగారు కంగారుపడి, చెంగుతో కోడలి మొహం తుడిచి, "పోన్లే, ఇవాళ గిన్నెలు నేను కడుగుతాను" అంది. ఆ ఇంట్లో అంతకు మించిన ఓదార్పు లేదు. తర్వాత చేతివాసమ్మ పడుకుంది. పాతదే పంపడానికి మనసులో దాదాపు ఖాయం చేసుకునే పడుకుంది. ఇరవై మూడేళ్ళు పనిచేసిన ఒంటికి ఇంకో గొడవ మోసే సత్తా లేదనిపించింది, అంతే.

సోమవారం పొద్దున్నే వెళ్ళి, కణాల్ని గడ్డకట్టించి దాచే నైట్రోజన్ డబ్బా మూత తీసింది. పొగలోంచి ఎనిమిదో పాసేజ్ ట్యూబు పైకి తీసి, మంచు పెట్టెలో పెట్టింది. పక్క గదిలో దీపం వెలుగుతోంది. డాక్టరమ్మ తనకంటే ముందే వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. జుట్టు దువ్వుకున్నట్టు లేదు. బల్ల మీద పద్దెనిమిదో రకం అల్లిక.

"రండి చేతివాసమ్మా" అంది తలెత్తకుండా. "ఇదీ పోయింది. నార కట్టలేదు." కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. "ఒక మాట చెప్పనా? మీ చేతిలో అంత చక్కగా పెరుగుతాయి. నా చేతికొచ్చేసరికి ఇలా అవుతాయి. లోపం కణాల్లో లేదు, నాలోనే ఉంది. ఈ టేస్టింగ్ అయిపోగానే నేను మానేస్తున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. నాకు ఈ పని రాదు, ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదంతే."

చేతివాసమ్మ మంచు పెట్టె బల్ల మీద పెట్టేసింది. ఆ కోడి కణాలు కండ కణాలే కావు, జన్మలో నార కట్టవు. ఈ పిల్ల పది నెలలుగా వాటిని బతిమాలుతూ, అవి వినకపోతే తనను తాను తిట్టుకుంటూ కూర్చుంది. ఇంతసేపూ చేతివాసమ్మ తన పేరు గురించే లెక్కేసుకుంది, తినేవాళ్ళ గురించి కొంచెం ఆలోచించింది. ఈ మనిషి సంగతి మాత్రం ఆమెకు తట్టనే లేదు. ఆమెకు సిగ్గేసింది.

"మేడం, లోపం మీలో లేదు. అవి మేకవి కావు."

బీరువా తాళం తీసి రెండు పుస్తకాలూ తెచ్చి, ఆ రెండు పేజీలూ తెరిచి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. నూట పద్నాలుగు మీద ఒకసారి, మళ్ళీ నూట పద్నాలుగు మీద ఒకసారి వేలు పెట్టి చూపించింది. ఇంక్యుబేటర్ వేడి సంగతి చెప్పింది. ఆపరేషను సంగతి మాత్రం చెప్పలేదు.

డాక్టరమ్మ ఆ పేజీలను చాలాసేపు చూసింది. అంకెల మీంచి కిందికి దిగి తన పొడి అక్షరాల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఆమె అడిగింది ఒక్కటే.

"అయితే... నాకు చేతకాక కాదన్నమాట?"

"కాదమ్మా."

డాక్టరమ్మ బల్ల మీద తల వాల్చేసి వెక్కివెక్కి ఏడ్చింది. కోపం తర్వాత వచ్చింది, మధ్యాహ్నానికి. బాగానే వచ్చింది. తలుపులు దడాలుమన్నాయి. రెండు రోజులు చేతివాసమ్మతో మాట్లాడలేదు. రెండు ట్యూబులూ టెస్టుకి వెళ్ళాయి. ఎనిమిదోది మేక. అరవై ఒకటోదాంట్లో మేక జాడ కూడా లేదు, మొత్తం కోడే.

రుచి చూసే కార్యక్రమం రద్దయింది. పెద్దలు వచ్చి గట్టిగా మాట్లాడి వెళ్ళారు. ముగ్గురిని ఉద్యోగంలోంచి తీసేశారు. అందులో ఒకతనికి ఆ నెలలోనే కూతురు పుట్టింది, ఆ సంగతి చేతివాసమ్మను ఇప్పటికీ తినేస్తుంది. ఆమెను మాత్రం తియ్యలేదు. ఆమె మీద దయతో కాదు, ఆదివారాలు వచ్చి మీడియం మార్చేవాళ్ళు ఇంకెవరూ దొరకరు కాబట్టి. చేతివాసమ్మ అని పిలవడం మాత్రం ఒక్కొక్కరే మానేశారు. కొన్నాళ్ళు ఏమని పిలవాలో తెలియక "ఏమండీ" అన్నారు.

ఎనిమిదో పాసేజ్ ట్యూబు కరిగించి మొదటికొచ్చారు. నిజం మేక కణాలు. వాటి నెమ్మది చూస్తే ఒళ్ళు మండేది. ముప్పై గంటలు, ముప్పై మూడు, తర్వాత నలభై. సీరం తగ్గిస్తే మళ్ళీ పాత ఏడుపే. తల ప్రాణం తోకకొచ్చింది. ఇరవై నాలుగో పాసేజ్‌కి పూర్తిగా డీలాపడి పెరగడం ఆపేశాయి. ఆ రోజు మైక్రోస్కోపులో వాటిని చూస్తుంటే చేతివాసమ్మకు కోపం రాలేదు. ఇవి అలసిపోతున్నాయి, కాబట్టి ఇవే మేకవి అనుకుంది. అలసిపోని వాటిని పది నెలలు చూస్తూ కూడా తనకు అనుమానం రాలేదు, అదే ఆమెను బాధించింది.

డాక్టరమ్మ వాటిలో కొన్నింటిని తీసుకెళ్ళి, పనికిరాదని ఎప్పుడో మూలన పడేసిన నాలుగో రకం అల్లిక మీద వేసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె గదిలోంచి కేక వినపడింది. చేతివాసమ్మ మోకాళ్ళ నొప్పులతోనే పరుగెత్తింది. మైక్రోస్కోపులో కణాలు వరసగా అతుక్కుని పొడుగ్గా నారలు కట్టి ఉన్నాయి. చూస్తుండగానే ఒక నార సన్నగా అదిరింది. ఎవరూ ముట్టుకోలేదు. కండ కదా, దానంతటదే అదిరింది. అందరూ ఒకరి వెనక ఒకరు కన్ను పెట్టి చూశారు. మొత్తం కలిపి గోరంత కూడా లేదు. అది నోట్లో వేసుకునే మాంసం కావడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలీదు.

సాయంత్రం చేతివాసమ్మ ఆ రోజు పేజీ రాసింది. సీసా నంబరు, టైము, పాసేజ్. డాక్టరమ్మ ఇంకా గాల్లో తేలుతూనే వచ్చింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఉంది, అవతల ఎవరికో నార కట్టిన సంగతి చెబుతోంది. నవ్వుతూనే పుస్తకం దగ్గరికి లాక్కుంది. చాలా నెలల తర్వాత మొదటిసారి, "మళ్ళీ మీ చేతివాసే, చేతివాసమ్మా" అని, పేజీ వంక చూడకుండానే కలం పెట్టబోయింది.

చేతివాసమ్మ ఆ పేజీ మీద అరచెయ్యి పరిచింది.

"ఫోను పెట్టెయ్యండమ్మా" అంది. "చూసి పెట్టండి."